తరంగముల దశలో దాగిన వర్తమానము

ఒకే రోటిలో ఇద్దఱు స్త్రీలు ధాన్యము దంచుట మీరందఱు చూచినదే. ఇరువురి రోకళ్లకును వేగమొక్కటియే. కాని యొకదాని పోటు పడునప్పుడు రెండవది పైకి లేచియుండును. వేగము మాఱక వేళ మాత్రము మాఱిన యీ భేదమునే శాస్త్రజ్ఞులు దశాభేద మందురు. నేటి రేడియోలో అంకెలను పంపుటకు దీనిని వాడుచున్నారు. తరంగము ఉన్నదున్నట్లు నడచినచో సున్న. తలక్రిందై నడచినచో ఒకటి.

సముద్రముమీద చేపలు పట్టువారు దారి తెలిసికొనుటకు వాడు జీ.పీ.ఎస్. యంత్రమును చూడుడు. సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములు సెకనుకు 157 కోట్ల 54 లక్షల 20 వేల కంపనములుగల తరంగమును పంపుచుండును. దానిమీద నెక్కించిన వర్తమానము సెకనుకు 50 అంకెలు మాత్రమే. (ఏ ఉపగ్రహమో గుర్తుపట్టుటకై వేఱొక సంకేతమాలయు చేర్చుదురు, యంత్రమున కది ముందే తెలియును గనుక తొలుతనే తీసివేయును.)

పోటు తప్పినదని చెప్పుటకు సరియైన పోటు తెలిసియుండవలెను గదా. కావున యంత్రము తనలో నొక తరంగమును పుట్టించి, వచ్చినదానితో గుణించి చూచును. రెండును కలిసి నడచినచో ఫలము ధనము, ఎదురైనచో ఋణము. చెప్పుట కింతే, చిక్కంతయు ఆ సొంత తరంగమును సరిగా నడుపుటలో నున్నది. ఉపగ్రహము పరుగెత్తుచుండుటచే, వచ్చు తరంగముయొక్క కంపనసంఖ్య సెకనుకు సుమారు 5 వేలవఱకు ఎక్కువతక్కువ లగును. దానిని వెంబడింపబోయినచో, అంకె మాఱినప్పుడెల్ల తరంగము తిరుగబడి యంత్రమును త్రోవ తప్పించును.

దీనికి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన జాన్ కోస్టాస్ 1956లో ఒక యుపాయమును ప్రకటించెను. యంత్రము ఒకదానికి మాఱుగా రెండు తరంగములను పుట్టించును. రెండవది మొదటిదానికి పావు చుట్టు ఎడముగా నడచును. వచ్చిన తరంగమును రెంటితోను వేర్వేఱుగ పోల్చి, ఆ రెండు ఫలములను మరల గుణించును. అంకె మాఱినచో రెండు ఫలములును ఒక్కసారి గుర్తులు మార్చుకొనును గనుక లబ్ధము మాఱదు. సొంత తరంగము ముందు పోయినదో వెనుకబడినదో మాత్రమే అది తెలుపును. దానినిబట్టి యంత్రము తన్ను తాను దిద్దుకొనును. ఇంత చిన్న గుణకారముతో నింత పెద్ద చిక్కు తీరుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపును.

ఐనను ఒక లోటు మిగిలినది. సొంత తరంగము వచ్చినదానికి సరిగా నెదురై నిలిచినను లబ్ధము శూన్యమే. తప్పున్నదని యంత్రమునకు తోచదు. అప్పుడు అంకెలన్నియు తాఱుమారై, ఉపగ్రహ మెచ్చట నున్నదను లెక్క చెడును. ఆ లెక్క చెడినచో చీకటిలో పడవ రేవు చేరుట యెట్లు? అందుచే ప్రతి 6 సెకనులకు వచ్చు వర్తమానభాగము 10001011 అను వరుసతో మొదలగును. అది 01110100గా కనబడినచో, తాను తలక్రిందుగా చదువుచున్నట్లు గ్రహించి యంత్రము అన్నిటిని త్రిప్పుకొనును. ఇట్టి వరుస వర్తమానము నడుమ యాదృచ్ఛికముగ రావచ్చును గనుక, మంచి యంత్రము 6 సెకనుల పిదప అది మరల వచ్చినదా యని చూచి గాని నమ్మదు.