ఇంటి యప్పు – ఇంటి పద్దు

ఇంటి కొఱకై అప్పు కోరి వచ్చిన దంపతులను బ్యాంకువారు మొట్టమొదట నడుగునది, కొనబోవు ఇల్లెట్టిదని కాదు. జీతమెంత, ఇదివఱకున్న కిస్తులెన్ని యని. ఇల్లు చూచుటకు బయలుదేరినప్పుడు మనము వంటయిల్లు ఏ మూలనున్నది, నీటికి వసతి కలదా, పిల్లల బడి దగ్గఱనా యని విచారింతుము. ఆ యిల్లు మనకు దక్కుట దక్కకపోవుట మాత్రము, రెండు మూడేండ్లుగా వాయిదాలమీద తెచ్చుకొన్న ఫ్రిజ్జు, ఫోను, స్కూటరు వంటి వస్తువులనుబట్టి యుండును. ఈ సంగతి మన సోదరీమణులలో ననేకులకు బ్యాంకు మెట్లెక్కిన పిదపగాని తెలియుట లేదు.

లెక్క యిట్లుండును. చేతికి వచ్చు జీతములో నింత భాగమునకు మించి కిస్తులక్రింద పోరాదని ప్రతి బ్యాంకును ఒక హద్దు పెట్టుకొనును. అది బ్యాంకునుబట్టియు, జీతమునుబట్టియు మాఱుచుండును; నూటికి 40 మొదలు 50 వఱకు నుండుట సామాన్యము. సగమనియే యనుకొందము. నెలకు 60,000 రూపాయలు వచ్చు కుటుంబమునకు కిస్తులన్నియు కలిసి 30,000 దాటరాదు. నూటికి 9 వడ్డీతో 20 ఏండ్ల గడువునకు తీసికొన్న అప్పులో లక్షకు నెలకు సుమారు 900 రూపాయలు కట్టవలయును. కావున వేఱు అప్పులేవియు లేనిచో వారికి 33 లక్షల వఱకు పుట్టును. ఇప్పుడు స్కూటరునకు 3,200, ఫోనునకు 1,800, మొన్నటి పెండ్లికి తెచ్చిన వ్యక్తిగత ఋణమునకు 4,000, వెరసి 9,000 రూపాయల కిస్తులున్నవనుకొనుడు. మిగిలినది 21,000. దానికి పుట్టు అప్పు 23 లక్షలకు కొంచెమెక్కువ. పది లక్షలు తగ్గెను! ఇంటిలో నొక గది తగ్గుటయో, ఊరికి దూరముగా పోవుటయో యిందులోనే యున్నది. 1,800 రూపాయల ఫోను కిస్తు రెండు లక్షల ఇంటి యప్పును మ్రింగునని దుకాణములో మనకెవ్వరును చెప్పరు.

మనము చెప్పకున్న వారికెట్లు తెలియునని కొందఱకు సందేహము. 2005వ సంవత్సరపు ఋణసమాచార సంస్థల చట్టము ననుసరించి, అప్పులిచ్చు బ్యాంకులును కంపెనీలును ప్రతివారి లెక్కను ఆ సంస్థలకు పంపుచుండవలయును. జనులు వాడుకగా సిబిల్ అనునది యట్టి సంస్థయే. అక్కడ మన నడవడికి 300 మొదలు 900 వఱకు మార్కులు వేయుదురు. ఆ నివేదికలో మన యప్పులు మాత్రమే కాదు, ఇతరుల యప్పులకు మనము పెట్టిన జామీను సంతకములు కూడ నుండును.

నేనెఱిగిన యొక యిల్లాలి భర్త, పినతండ్రి కుమారుడు లారీ కొనునప్పుడు మొగమాటమునకు జామీను పడెను. నాలుగేండ్లకు వీరు ఇంటి యప్పునకు పోగా, ఆ లారీ కిస్తులు మూడు నెలలుగా బాకీ పడియున్నవని నివేదికలో తేలెను. అది సర్దుకొనులోపల ఇంటికిచ్చిన బయానా గడువు దాటిపోయెను. బయానా పోయినందుకంటె, జామీను సంగతి తనకు మాటమాత్రమైన చెప్పనందుకే ఆమె యెక్కువ నొచ్చుకొనెను. ప్రతి సంస్థయు సంవత్సరమున కొకమాఱు ఈ నివేదికను ఉచితముగా నీయవలయునను రిజర్వు బ్యాంకు నియమము 2017 నుండి అమలులో నున్నది. ఇల్లు చూడబోకమునుపే భార్యాభర్తలు ఇద్దఱి నివేదికలను తెప్పించుకొని కలిసి చదువుకొనుట మేలు. తీఱిన అప్పు తీఱనట్లు చూపుటయు నప్పుడప్పుడు కలదు. దిద్దించుకొనుటకు వ్యవధి కావలయునుగదా.

భార్యకు కూడ సంపాదన యున్నచో ఇద్దఱి పేర అప్పు తీసికొందురు. ఆదాయములు కలియును గనుక పుట్టు మొత్తము పెరుగును. ఆమె పేరనున్న అప్పులును కలియును. నగలు కుదువబెట్టి తెచ్చిన సొమ్మును మనలో ననేకులు అప్పుగా నెంచరు. నెలనెల కట్టునది లేదు, ఏడాదికి వడ్డీ కట్టి తిరుగవ్రాయించుకొందుము. బ్యాంకు కంటికి అదియు అప్పే. క్రెడిట్ కార్డుపై మిగిల్చిన బాకీయు నట్టిదే. మఱియొక సంగతి: సంతకము చేసిన పిదప ఆమె మొత్తము ఋణమునకు బాధ్యురాలు, సగమునకు కాదు.

ఇంతకంటె పెద్ద గోయి చేతిసొమ్ము దగ్గఱ నున్నది. రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము అప్పు 30 లక్షల లోపైనచో ఇంటి విలువలో నూటికి 90 వఱకును, 30 దాటి 75 లక్షల వఱకైనచో 80 వఱకును, అంతకు మించినచో 75 వఱకును మాత్రమే యీయవచ్చును. 40 లక్షల యింటికి 32 లక్షలకు మించి రాదు. తక్కిన 8 లక్షలును, స్టాంపు రుసుమును, రిజిస్ట్రేషను ఖర్చును మనము పెట్టుకొనవలసినవే. ఆ సొమ్ము చాలక వ్యక్తిగత ఋణము తెత్తురు. ఆ క్రొత్త కిస్తు ఇంటి యప్పును మఱల తగ్గించును. కొందఱు చీటి పాడుకొందురు. చీటి కట్టుబడి ఆ నివేదికలో సాధారణముగ కనబడదు. బ్యాంకు లెక్కలోనికి రాలేదని సంతోషింపరాదు. చీటి ముగియువఱకు నెలనెల దానికి సొమ్ము వెదకవలసినది మనమే.

బ్యాంకువారి లెక్కలోని లోపమును ఇక్కడనే కనుగొందుము. అది అప్పులను చూచినంతగా సంసారమును చూడదు. బ్రిటనులో 2014 ఏప్రిలు నుండి అమలైన నియమముల ప్రకారము, ఇంటి యప్పు నిచ్చువారు కిస్తులతోబాటు తిండి, నీరు, చలికి ఇల్లు వెచ్చపెట్టుకొనుట మున్నగు అవసర వ్యయములను, వడ్డీ పెరిగినచో తట్టుకొనగలరా యనుదానిని గూడ విచారింపవలయును. మన బ్యాంకులు తఱచుగ, జీతములో మిగిలిన సగము సంసారమునకు చాలునని యెంచి యూరకుండును. పై కుటుంబమునకు పాత కిస్తులు తీఱిపోయి, 30,000 రూపాయల ఇంటి కిస్తు వచ్చినదనుకొనుడు. మామగారి మందులకు 4,000, ఇద్దఱు పిల్లల చదువునకు సగటున 9,000, ఊరనున్న తల్లికి 3,000, చీటికి 5,000 పోవుచున్నచో ఇంక మిగులునది 9,000. బియ్యము, పాలు, గ్యాసు, కరెంటు, అన్నియు నందులోనే. ఈ లెక్క జీతపు కాగితములో లేదు. గృహిణి పద్దుపుస్తకములో నున్నది.

కొందఱు చేసిన యుపాయ మొకటి నాకు నచ్చినది. అప్పునకు పోవుటకు ఆఱు నెలలు ముందే, రాబోవు కిస్తులో ఇప్పటి అద్దెను తీసివేసి, తక్కినదానిని జీతము వచ్చిన దినముననే వేఱు ఖాతాలో వేయుచుండుట. ఆ యాఱు నెలలలో జూను మాసమైనను సంక్రాంతియైనను పడునట్లు చూచుకొనవలయును. బడి రుసుములును పండుగ బట్టలును లేని నెలలలో నెవరైనను పొదుపు చేయగలరు! ఆ సొమ్మును మధ్యలో ముట్టుకొనవలసి వచ్చినచో, అంత యప్పు మన యింటికి తగదని తెలియును. నిలిచినచో చేతిసొమ్మునకు పనికివచ్చును.

వడ్డీ నిలుకడగా నుండదని గూడ పద్దులో వ్రాసికొనవలయును. 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి వఱకు రిజర్వు బ్యాంకు తన రెపో వడ్డీని నూటికి 4 నుండి 6.50 వఱకు పెంచినది. అనేకులకు కిస్తు అట్లేయుండి, గడువు మాత్రము వారికి సరిగా తెలియకయే సాగిపోయెను. 2023 ఆగస్టులో వచ్చిన ఉత్తర్వు ననుసరించి, వడ్డీ మాఱినపుడు కిస్తు పెంచుకొందురా, గడువు పెంచుకొందురా యని బ్యాంకువారు అప్పు తీసికొన్నవారినే యడుగవలయును. అట్టి లేఖ వచ్చినపుడు, అది బల్లసొరుగులో పడకమునుపే యడిగి తీసికొని, పద్దుపుస్తకము ప్రక్కన పెట్టుకొని చదువుడు.