పిక్కు ఎక్కడ ఇరుక్కుంటోంది?

అమ్మడూ, నిన్న నువ్వడిగింది చిన్న ప్రశ్నేం కాదు. గిటార్ మాస్టారేమో ఒకే పాఠం పట్టుకుని వారమంతా సాధన చెయ్యమన్నారు. నీ స్నేహితురాలేమో రోజుకో కొత్తది వాయిస్తేనే చెయ్యి తిరుగుతుందంది. ఎవరి మాట వినాలి? ఇద్దరిదీ వినాలి. ఏది ఎప్పుడన్నదే తేల్చుకోవాలి. అది తేలాలంటే ముందు నువ్వు తీగలు మీటే ఆ చిన్న బిళ్ళ, పిక్కు సంగతి చూడాలి.

కిందికొకసారి, పైకొకసారి మీటుతూ ఒక్క తీగ మీదే ఉన్నంతసేపూ పెద్ద ఇబ్బంది ఉండదు. చిక్కంతా పక్క తీగకి వెళ్ళేటప్పుడే. దగ్గరగా చూడు. చాలామంది చెయ్యి కాస్త వాలుగా కదులుతుంది. కిందికి మీటితే పిక్కు మొన తీగల మధ్యకి దిగుతుంది. పైకి మీటితే తీగల మట్టం దాటి బయటికొస్తుంది. అంటే పై మీటు తరవాత పక్క తీగ మీదికి హాయిగా వెళ్ళిపోవచ్చు. కింది మీటు తరవాత మాత్రం మొన తీగల మధ్య ఇరుక్కుని ఉంటుంది, దాన్ని లేపి దాటించాలి. కొందరి చెయ్యి దీనికి తలకిందులుగా వాలుతుంది, వాళ్ళకి కింది మీటు తరవాత సులువు.

నీది మొదటి రకం చెయ్యి అనుకుందాం. కింది మీటుతో మొదలుపెట్టి తీగకి నాలుగేసి స్వరాలు వాయిస్తే, నాలుగోది ఎప్పుడూ పై మీటే. ప్రతిసారీ మొన బయటే ఉంటుంది. అదే తీగకి మూడేసి వాయించు. మూడోది కింది మీటు, మొన ఇరుక్కుంది. రెండో తీగ పై మీటుతో మొదలై పై మీటుతోనే ముగుస్తుంది కాబట్టి అక్కణ్ణుంచి మూడో తీగకి దారి తెరుచుకునే ఉంటుంది. అంటే ఒకచోట తడబాటు, తరవాతి చోట సాఫీ, మళ్ళీ తడబాటు. నాలుగేసి స్వరాల పాఠమే నెలల తరబడి వాయించినా ఈ సంగతి నీకు తెలిసే అవకాశమే లేదు. రకరకాలుగా వాయిస్తే చెయ్యి ఎక్కడ ఆగుతోందో పట్టుబడుతుంది.

పట్టుబడ్డాక మాత్రం మీ మాస్టారి దారే. పాఠమంతా పక్కన పెట్టు. మొదటి తీగ మీది ఆఖరి స్వరం, రెండో తీగ మీది తొలి స్వరం, ఈ రెండే. ఆ దాటింపు ఒక్కటే చెయ్యి. ఎప్పుడూ మరీ నిదానంగానే చెయ్యకు. నిదానంలో ఏ వంకర కదలికైనా సరిపోతుంది, లోపం బయటపడదు. మెట్రోనోమ్ నిమిషానికి 120 దెబ్బల మీద పెట్టి దెబ్బకి నాలుగు స్వరాలు వాయిస్తే సెకనుకి ఎనిమిదవుతాయి. తప్పు పడిందని తెలిసి సర్దుకునేలోపే తరవాతి స్వరం వచ్చేస్తుంది. అందుకే అంత వేగంలో కదలికలు ముందే వరసగా సిద్ధమై ఉండాలి. అప్పుడప్పుడూ వేగంగా ప్రయత్నించి చూస్తేనే నీ కదలిక ఆ వేగానికి పనికొస్తుందో లేదో తెలుస్తుంది.

దాటింపు కుదిరింది. ఇక దాన్నే వందసార్లు వాయించొచ్చా? ఇక్కడే మనకొక భ్రమ కలుగుతుంది. 1979లో షియా, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. దీపం వెలగ్గానే టెన్నిస్ బంతి అందుకుని, చిన్న చెక్క అడ్డులను చెప్పిన వరసలో పడగొట్టాలి. అలాంటి వరసలు మూడు. కొందరు ఒక వరసని పూర్తిగా సాధించాకే రెండోదానికి వెళ్ళారు. మిగతావాళ్ళకి మూడూ కలగాపులగంగా వచ్చాయి. సాధన సాగినంతసేపూ మొదటి జట్టుదే పైచెయ్యి. పది నిమిషాల తరవాతా, పది రోజుల తరవాతా పరీక్షిస్తే మాత్రం కలగాపులగం జట్టే మెరుగ్గా చేసింది.

ఎందుకంటావా? ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లాణ్ణి ఉన్నట్టుండి ‘ఏడెనిమిదులెంత?’ అని అడుగు. ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెడతాడు. వరసలో ముందుది తరవాతిదానికి అందిస్తూ పోతుంది గనక వాడికి వెతుక్కోవలసిన పని పడలేదు. నీ చేతికీ అంతే. ఒకే కదలికని వెంటవెంటనే తిప్పి చేస్తుంటే మెదడు దాన్ని కొత్తగా వెతికి తెచ్చుకోనక్కర్లేదు. మధ్యలో వేరేది వాయించి మళ్ళీ వచ్చావనుకో, ప్రతిసారీ మొదటినుంచి సిద్ధం చేసుకోవాలి. కష్టంగా ఉంటుంది, తప్పులూ పెరుగుతాయి. నేర్పు నిలిచేది ఆ కష్టంలోనే.

సంగీతంలోనూ ఇది పరీక్షించారు. కార్టర్, గ్రాన్ అనేవాళ్ళు 2016లో ప్రచురించిన అధ్యయనంలో క్లారినెట్ వాద్యకారుల చేత కొన్ని భాగాలని పన్నెండేసి నిమిషాలు ఏకబిగిన సాధన చేయించారు. మరికొన్నింటిని మూడేసి నిమిషాల చొప్పున మార్చి మార్చి చేయించారు. మొత్తం సమయం ఒకటే. మర్నాడు వాయించినప్పుడు మార్చి మార్చి చేసినవాటికే కొంత మొగ్గు కనిపించింది. కొంతే సుమా. ప్రయోగశాల దాటి ఆటస్థలాల్లో, తరగతి గదుల్లో పరీక్షించినప్పుడు కూడా ఈ తేడా అంత బలంగా రాలేదు. కదలికే ఇంకా పట్టుబడనివాళ్ళకి కలగాపులగం గందరగోళమే అవుతుంది కూడా. అందుకే మీ మాస్టారి మాట కొట్టిపారెయ్యలేం.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. నికొలాయ్ బెర్న్‌స్టైన్ అని సోవియట్ శాస్త్రవేత్త. 1920లలో మాస్కోలో ఉలి మీద సుత్తి దెబ్బలు వేసే పనివాళ్ళని ఫిల్ముతీసి చూశాడు. చేతులు బాగా తిరిగిన మనుషులు వాళ్ళు. అయినా ఏ రెండు దెబ్బల్లోనూ భుజం, మోచెయ్యి, మణికట్టు ఒకేలా కదల్లేదు. సుత్తి మాత్రం దాదాపు ఒకే దారిన వెళ్ళి పడింది. కీళ్ళలో ఒకటి కాస్త తేడాగా కదిలితే మరొకటి సర్దుకుంటోంది. అంటే నేర్పరి దాచుకునేది అచ్చుగుద్దిన ఒక్క కదలికని కాదు, ప్రతిసారీ గురి చేరే ఉపాయాన్ని. ఆ ఉపాయం అలవడాలంటే పరిస్థితి మారుతూ ఉండాలి.

మన సంగీతంలో పెద్దలు దీన్ని చాలాకాలం కిందటే అమర్చిపెట్టారు. మాయామాళవగౌళ ఒక్కటే రాగం, ఆ ఏడు స్వరాలే. వాటినే సరళీ వరసలుగా, జంట వరసలుగా, మూడు కాలాల్లో, తరవాత సప్త తాళాల అలంకారాలుగా తిప్పి తిప్పి వాయిస్తారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఈ సంగీతాన్ని పిక్కుతోనే పలికించాడు. జాన్ మెక్లాఫ్లిన్ గిటార్ పక్కన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయన మాండలిన్ విను, నీకు పనికొస్తుంది.

నీ సంగతికొద్దాం. కష్టపడే దాటింపు ఒక్కటే ఎంచుకో. అది పట్టుబడేదాకా కొద్ది నిమిషాలు దాన్నే చెయ్యి. ఆ తరవాత దాటింపు మార్చకు, చుట్టూ ఉన్నవి మార్చు. సన్న తీగల మీద చేసింది లావు తీగల మీద చెయ్యి, మొదటి ఫ్రెట్ల దగ్గర చేసింది పన్నెండో ఫ్రెట్ దగ్గర చెయ్యి. గట్టిగా, మెత్తగా కూడా చెయ్యి. మధ్యలో వేరే పాట ఒకటి వాయించి మళ్ళీ దీనికి రా. మణికట్టు నొప్పెడితే మాత్రం ఆ పూటకి ఆపెయ్యాల్సిందే.

సాయంత్రం ఎంత బాగా వచ్చిందన్నది లెక్కలోకి తీసుకోకు. పొద్దున లేచి, చెయ్యి ఇంకా అలవాటు పడకముందే, ఫోన్లో రికార్డు పెట్టుకుని ఒక్కసారి వాయించు. అందులో ఎక్కడ తడబడ్డావో ఆ రోజు సాధన అక్కణ్ణుంచి మొదలుపెట్టు.