చారిత్రక వృక్షముల సంతతిని నిలుపుట

వృక్షమునకు ఆయువు మెండే గాని అనంతము కాదు. ప్రసిద్ధి కెక్కిన చెట్టు కూలినప్పుడు దాని కథయు కొలది కాలములోనే మఱుగుపడును. చెట్టు సజీవముగా నుండగనే దాని సంతతిని వేఱొక తావున నాటుట ఇందుకు పూర్వు లెఱిగిన ఉపాయము.

బోధివృక్షమును మించిన నిదర్శనము దీనికి లేదు. క్రీ. పూ. 3వ శతాబ్దిలో సంఘమిత్ర బుద్ధగయలోని రావికొమ్మను సింహళమునకు గొనిపోగా, అది అనూరాధపురమున నాటబడెనని మహావంశము చెప్పుచున్నది. ఆ చెట్టు నేటికిని పూజ లందుకొనుచున్నది. బుద్ధగయలోని చెట్టు మాత్రము పలుమాఱులు నశించినది. అది 1876లో గాలివానకు కూలగా, 1881లో కన్నింగుహాము దొర అచ్చట క్రొత్త మొక్కను నాటించెను. 1931లో సారనాథమున మూలగంధకుటి విహారము వెలసినప్పుడు అనూరాధపురమునుండియే మొక్కలు తెచ్చి నాటిరి. మెట్టినింట పెరిగిన సంతానము పుట్టినిల్లు చేరినదన్నమాట.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. కొమ్మను నాటినను, అంటు కట్టినను వచ్చునది బిడ్డ కాదు, ఆ చెట్టే. ఇంగ్లండులో న్యూటను ఇంటి తోటలోని ఆపిలు చెట్టునకు కట్టిన అంట్లు పలు దేశముల విద్యాలయములలో నిట్లే పెరుగుచున్నవి. గింజనుండి మొలచినదానిలో వేఱొక చెట్టు పుప్పొడియు కలసియుండును. మఱియు చెట్టుక్రింద మొలచిన ప్రతి మొక్కయు దాని బిడ్డ యని తలపరాదు. పక్షి ఎక్కడి పండు తిని వచ్చినదో ఎవ రెఱుగుదురు? కావున రావి గింజలను చెట్టుననే పండిన పండ్లనుండి తీయుట మేలు. మఱ్ఱికైనచో కొమ్మయే చాలును. అది సులభముగా వేరు పట్టును.

మఱ్ఱికి ఊడలుండగా వేఱు సంతతి యేల యని కొంద ఱందురు. హౌరా తోటలోని మహావటమునకు బూజుతెగులు సోకగా 1925లో తల్లిమానును తొలగించిరి. అడయారు దివ్యజ్ఞాన సమాజపు తోటలోని మఱ్ఱి తల్లిమాను 1989లో గాలివానకు పడినది. రెండును ఊడలతో నిలచినవి. నిజమే. కాని ఊడలన్నియు నొకే నేలను పట్టియుండును. పాలమూరు పిల్లలమఱ్ఱికి చెద పట్టి 2017లో పెద్దకొమ్మ విఱిగిపడగా, 2018లో మందునీటిని బొట్టుబొట్టుగా మ్రానిలోని కెక్కించి కాపాడవలసి వచ్చినది. పేరులోనే పిల్లలున్న చెట్టునకే ఈ గతి పట్టినది!

తమిళ, కన్నడ దేశములలో తరతరములుగా స్థిరపడిన మన గ్రామములందును గుడిముంగిట, చెఱువుగట్టున పూర్వులు నాటిన చెట్లు కలవు. బాట వెడల్పు చేయువారు వచ్చినపిమ్మట కొమ్మకై పరుగెత్తుట వ్యర్థము. రెండుమూడు మొక్కలను వేర్వేఱు తావుల నిప్పుడే నాటి, తల్లిచెట్టు ఏది, గింజయా కొమ్మయా, నాటిన దినమేది యను వివరములను సంఘపు పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆ వ్రాత లేనిచో నూఱేండ్ల పిమ్మట అది యొక రావిచెట్టు మాత్రమే.