గాజు పెట్టెలోని పాము: ఎండా నీడా మన చేతుల్లోనే

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్ వాసులకు పాము కొత్త కాదు. వానాకాలంలో సరూర్‌నగర్ చెరువు వైపు నుంచో, ఖాళీ స్థలాల్లోని పొదల నుంచో అది ఇంటి ముంగిటికి రావడం, జనం కేకలు వేయడం, ఎవరో కర్ర అందుకోవడం పాత సంగతే. పామును గాజు పెట్టెలో ఉంచి పెంచుకోవాలన్న ఉబలాటం మాత్రం కొత్తది. చరవాణిలో వీడియోలు చూసిన పిల్లవాడు ఆ కోరిక కోరగానే తల్లి భయంతో వద్దంటుంది, తండ్రి విసుగుతో సరేనంటాడు. ఈ రెండు జవాబులకూ ముందు వేయవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ పెట్టెలో పాముకు కావలసిన వెచ్చదనాన్నీ చల్లదనాన్నీ ప్రతి దినమూ, ప్రతి రాత్రీ ఎవరు సమకూరుస్తారు?

ముందుగా చట్టం మాట

నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజర, కొండచిలువ వంటి మన నేల పాములను పట్టి ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజర కూడా అత్యధిక రక్షణ గల మొదటి షెడ్యూలులో చేరాయి. కనుక పెరట్లో దొరికిన పాముపిల్లను సీసాలో దాచుకోవడం ముచ్చట కాదు, శిక్షార్హమైన పని. ఇంట్లోకి పాము వస్తే అటవీ శాఖకు గాని, నగరంలో పాములను పట్టి అడవిలో వదిలే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థకు గాని తెలియజేయాలి.

పెంపకానికి కోరుకునేది సాధారణంగా బాల్ పైథాన్ అనే విదేశీ కొండచిలువ. దాని స్వస్థలం ఘనా, టోగో, బెనిన్ తదితర ఆఫ్రికా దేశాలు. బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది గనుక ఆ పేరు వచ్చింది. దానికి విషం లేదు. అయితే అంతర్జాతీయ ఒప్పందం కింద దాని వ్యాపారంపై నియంత్రణ ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన నియమాల ప్రకారం అలాంటి ప్రాణిని ఉంచుకున్నవారు ‘పరివేష్’ పోర్టల్‌లో దానిని నమోదు చేయించాలి. చెన్నై వంటి విమానాశ్రయాల్లో ప్రయాణికుల సామానులో దాచి తెచ్చిన బాల్ పైథాన్లను కస్టమ్స్ అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. పత్రాలు చూపలేని అమ్మకందారు దగ్గర కొన్న పాముతో ఆ దొంగరవాణాలోని పాపంలో మనకూ వాటా దక్కుతుంది.

పాముకు పొయ్యి బయటే ఉంది

మన శరీరం తాను తిన్న ఆహారంతో తన వేడిని తానే పుట్టించుకుంటుంది. పాముకు ఆ ఏర్పాటు లేదు. సృష్టికర్త దానికి మరో ఉపాయం నేర్పాడు. చల్లబడితే ఎండలోకి పాకుతుంది, వేడెక్కితే నీడలోకి పోతుంది. దాని ఆరోగ్యం, ఆకలి, జీర్ణశక్తి అన్నీ ఈ రాకపోకల మీదనే ఆధారపడి ఉన్నాయి. తిన్న తర్వాత ఒంటికి తగిన వెచ్చదనం అందకపోతే మింగినది అరగక, పాము దానిని కక్కివేస్తుంది. చాలాకాలం చలిలో ఉంటే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది.

మన పల్లెల్లో పాము నివాసమంటే పుట్టే గుర్తుకు వస్తుంది. బాల్ పైథాన్ సైతం తన దేశంలో చెదపుట్టల్లోనూ, ఎలుకల కలుగుల్లోనూ తలదాచుకుంటుంది. పైన నేల మాడుతున్నా, రాత్రి గాలి చల్లబడినా పుట్ట లోపలి వాతావరణం అంతగా మారదు. పెట్టెను అమర్చేవాడు నకలు తీయవలసింది ఆ పుట్టనే. పెట్టెనంతా ఒకేలా వేడి చేయడం పెంపకం కాదు. ఒక చివర వెచ్చగా, మరో చివర చల్లగా ఉంచి, ఎటు పోవాలన్న నిర్ణయాన్ని పాముకే వదలడం పెంపకం.

పెట్టె అమరిక

పెద్ద బాల్ పైథాన్‌కు కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల పెట్టె కావాలి. అంతకంటే పొట్టి పెట్టెలో చల్లని చివర అనేదే మిగలదు. పూర్తిగా గాజుతో చేసిన చేపల తొట్టెలో వేడి నిలువదు, పై మూత తెరిచినప్పుడల్లా పాము బెదురుతుంది. చెక్కతో గాని, పీవీసీ పలకలతో గాని చేసి, ముందువైపు జరిపే గాజు తలుపులు, పక్కల గాలి రంధ్రాలు పెట్టించడం మేలు. తలుపుకు తాళం తప్పనిసరి. చిన్న సందు దొరికినా పాము బయటపడుతుంది.

లోపల రెండు దాగుడు గూళ్లు ఉండాలి, వెచ్చని చివర ఒకటి, చల్లని చివర ఒకటి. ఒక్కటే ఉంచితే పాము భద్రతకూ సౌఖ్యానికీ మధ్య ఒకదానిని వదులుకోవలసి వస్తుంది. భయంతో వేడిలోనే ముడుచుకుని ఉండిపోవచ్చు. అడుగున కొబ్బరి పొట్టు పరచి, పాము చుట్టుకొని పడుకోగలిగినంత వెడల్పయిన బరువైన నీళ్ల పళ్లెం పెట్టాలి. గాలిలో తేమ 55 నుంచి 70 శాతం వరకు ఉండటం మంచిది. తేమ తగ్గితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది.

వేడి అమరిక

వెచ్చని చివర 31, 32 డిగ్రీలు, చల్లని చివర 25, 26 డిగ్రీలు ఉండాలి. రాత్రి వేళ ఎక్కడా 22 కంటే దిగరాదు. వేడికి పెట్టె కింద పరిచే హీట్ మ్యాట్ గాని, పైన అమర్చే సిరామిక్ హీటర్ గాని వాడతారు. ఏది వాడినా థర్మోస్టాట్ లేకుండా స్విచ్ వేయకూడదు. వేడి నిర్ణీత స్థాయికి చేరగానే కరెంటును తగ్గించే లేక ఆపే చిన్న సాధనమది. అది లేని మ్యాట్ వేడెక్కుతూనే పోతుంది. చర్మం కాలుతున్నా పాము చాలాసార్లు అక్కడి నుంచి తప్పుకోదు. పొట్ట కింది పొలుసులు కాలిన తర్వాత గాని ఇంట్లోవారికి తెలియదు. ఈ కారణంగానే కరెంటుతో వేడెక్కే రాళ్లను అసలు వాడరాదు.

పైన అమర్చే హీటర్‌కు పింగాణీ హోల్డర్, చుట్టూ ఇనుప జాలి ఉండాలి. లేకపోతే పాము దానికే చుట్టుకుంటుంది. థర్మోస్టాట్ తీగ కొసను వెచ్చని చివర కదలకుండా బిగించాలి. అది ఊడి చల్లని వైపు పడితే సాధనం మోసపోయి వేడిని ఇంకా పెంచుతుంది. రెండు చివర్లలో రెండు వేర్వేరు థర్మామీటర్లు పెట్టి, థర్మోస్టాట్ చెప్పినది నిజమో కాదో రోజూ సరిచూడాలి.

మన ఊరిలో అసలు పరీక్ష మే నెల

చల్లని దేశాలవారు రాసిన సూచనలు వేడి గురించే మాట్లాడతాయి. హైదరాబాదులో చలికాలపు రాత్రులు కొన్ని వారాలే. వేసవి మాత్రం నెలల తరబడి సాగుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 40 దాటినప్పుడు పై అంతస్తు గది రాత్రి కూడా చల్లారదు. అప్పుడు హీటర్ ఆపివేసినా చల్లని చివర 33, 34 చూపిస్తుంది. అంటే పాముకు పారిపోవడానికి చోటు లేదు. పెట్టెను కిటికీ ఎండకు, పడమటి గోడకు దూరంగా, ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో నేలకు దగ్గరగా ఉంచాలి. కూలర్ లేదా ఏసీ నడిచే గది లేని ఇల్లు పాము పెంపకానికి తగినది కాదు. చలికాలంలో కరెంటు పోతే గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాను పెట్టె వెలుపల ఆనించి, పైన దుప్పటి కప్పవచ్చు. అయితే గాలి రంధ్రాలు మూసుకోకుండా చూడాలి. 1963లో ప్రారంభమైన మన నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో కూడా చలికాలం హీటర్లు, వేసవిలో కూలర్లు, నీటి తుంపరలు ఏర్పాటు చేస్తారు. అక్కడ ఆ పనికి జీతగాళ్లున్నారు, ఇంట్లో మనమే ఉన్నాం.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవలసినది

పాము ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. పెట్టె సామగ్రిని వంటింటి తొట్టిలో తోమరాదు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇంటికి ఈ పెంపకం క్షేమం కాదు. చక్కగా చూసుకుంటే బాల్ పైథాన్ ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. నేడు ఇంటర్ చదివే అబ్బాయి ఉద్యోగానికి పరాయి దేశం వెళ్లిన తర్వాత ఆ పెట్టె ముందు నిలబడవలసింది తల్లే.

పిల్లిని బంధించి, దానికి తిండి పెట్టక, తానై వెతుక్కొని తినేందుకు వదలనూ లేక శిక్షకు గురైన స్త్రీ ఉదంతాన్ని ప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. అందులోని న్యాయం స్పష్టం. స్వేచ్ఛను తీసుకున్నవాడిపైనే పోషణ భారం పడుతుంది. పిల్లికి తిండి ఎంతో, పాముకు ఎండా నీడా అంత. పైగా పిల్లి ఆకలైతే అరుస్తుంది. పాము అరవదు.

కనుక తల్లిదండ్రులకు ఒక సలహా. పామును తెచ్చే ముందు ఖాళీ పెట్టెను అమర్చి, నెల రోజులు నడపమని అబ్బాయికి చెప్పండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి రెండు చివర్ల ఉష్ణోగ్రతనూ, తేమనూ నోటుపుస్తకంలో రాయించండి. వీలైతే ఆ నెల మే కావాలి. లెక్కలు నిలకడగా ఉండి, పుస్తకంలో ఒక్క పూట కూడా ఖాళీ లేకపోతే అప్పుడు మాట్లాడవచ్చు. పదో రోజుకే పుస్తకం మూలపడితే జవాబు దొరికినట్లే. ఏ ప్రాణికీ బాధ కలగకముందే దొరికింది గనుక అది మేలైన జవాబు.