ఖాళీగా తిరిగొచ్చే లారీ ఎంత తింటుంది?

లారీ కదిలితేనే పొయ్యి వెలిగే ఇళ్లు మన మొహల్లాల్లో చాలా ఉన్నాయి. ఒకరు సొంత బండి నడుపుతారు, ఒకరు క్లీనర్, ఇంకొకరు ఆటోనగర్‌లో మెకానిక్. అందరి నోటా ఒకటే మాట: డీజిల్ పెరిగింది, కిరాయి పెరగలేదు. ఆ రెండూ మన చేతిలో లేవు. కానీ ఖర్చులో కొంత భాగం మన చేతిలోనే ఉంది. అదెక్కడుందో చూద్దాం.

రిటర్న్ లోడు లెక్క

విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు. పది టైర్ల లారీ లోడుతో లీటరుకు 4, ఖాళీగా 5.5 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. వెళ్లేటప్పుడు 69 లీటర్లు, ఖాళీగా వచ్చేటప్పుడు 50 లీటర్లు. లీటరు 96 రూపాయలు వేసుకున్నా, పైసా రాబడి లేని ఆ తిరుగు ప్రయాణానికి 4,800 రూపాయలు. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఎవరికీ ఉపయోగం లేకుండా 130 కిలోలకు పైగా పొగ గాలిలో కలిసినట్టే.

అదే లోడుతో తిరిగొస్తే అదనంగా కాలేది 19 లీటర్లే, అంటే 1,824 రూపాయలు. కాబట్టి 8,000కి లోడు దొరికినా, 1,000 కమీషన్ పోగా 5,176 మిగులుతుంది. "ఇంత తక్కువ కిరాయికా?" అని వదిలేయకూడదు.

అయితే ఎన్ని రోజులైనా ఆగొచ్చా? కిస్తీ, ఇన్సూరెన్స్, జీతాలు కలిపి రోజుకు 2,500 పడుతుందనుకోండి. ఊళ్లో ఇంకో లోడు సిద్ధంగా ఉన్నప్పుడు రెండు రోజులు ఆగితే మిగిలేది 176 రూపాయలే. మూడో రోజు నష్టం. పైగా 24 గంటల్లో తిరిగొస్తే జాతీయ రహదారి టోల్ రానూపోనూ కలిపి ఒకవైపు ఫీజుకు ఒకటిన్నర రెట్లే. ఆలస్యమైతే ఆ లాభమూ పోతుంది. అందుకే బయల్దేరే ముందే అవతలి ఊరి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులకు ఫోన్ చేసి లోడు మాట్లాడుకోవాలి.

ఓవర్‌లోడు లాభమా?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000. మూడు టన్నులు ఎక్కువైతే 26,000. ఎక్కువున్న సరుకు దించే ఖర్చు కూడా మనదే. ఒక్కసారి పట్టుబడితే ఎన్నో ట్రిప్పుల సంపాదన ఊడ్చుకుపోతుంది. బ్రేకులు, టైర్లు, కమాన్లు త్వరగా పోతాయి. రోడ్డు సంగతి ఇంకా ఘోరం. ఇరుసు మీద బరువు 20 శాతం పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్ల లెక్క. ఆ గుంతల్లో రేపు నడవాల్సింది మన బండే.

రోజువారీ అలవాట్లు

టైర్లలో గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. గాలి తగ్గితే డీజిలూ ఎక్కువ తాగుతుంది, టైరూ త్వరగా అరుగుతుంది. లోడింగ్ దగ్గర గంటల తరబడి ఇంజన్ ఆన్‌లో పెట్టకండి, గంటకు రెండు లీటర్ల దాకా ఊరికే కాలుతుంది. ఎయిర్ ఫిల్టర్ మురికిగా ఉన్నా మైలేజీ పడిపోతుంది. వేగం నిలకడగా ఉండాలి. మాటిమాటికీ తొక్కడం, బ్రేకు వేయడం జేబుకు చిల్లే.

అన్నిటికన్నా ముఖ్యం డ్రైవర్ నిద్ర. ఒక్క రాత్రి ఆదా చేద్దామని కునికిపాట్లతో నడిపితే పోయేది డీజిల్ కాదు, ఇంటి పెద్దదిక్కు.

చివరగా, క్యాబిన్‌లో ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి ట్రిప్పుకూ కిలోమీటర్లు, డీజిల్, టోల్, కిరాయి, ఆగిన గంటలు రాయండి. రాయడం రాని భాయ్‌కి ఇంట్లో చదువుకునే పిల్లలు రాసిపెట్టొచ్చు. మూడు నెలలు రాస్తే ఏ రూటు అన్నం పెడుతోందో, ఏ రూటు అప్పు పెంచుతోందో కళ్లముందే కనిపిస్తుంది. ఇస్రాఫ్ వద్దని మన పెద్దలు చెప్పేది అన్నం పళ్లెం దగ్గరే కాదు, డీజిల్ ట్యాంకు దగ్గర కూడా.