ఇంజను లేని నమూనా విమానం, తిరువళ్ళూరు సీమ గాలి

రేడియో నియంత్రిత గ్లైడర్ అంటే ఇంజను గాని ప్రొపెల్లరు గాని లేకుండా, నేలమీద నిలబడిన మనిషి చేతిలోని ట్రాన్స్‌మిటర్ పంపే సంకేతాలకు లోబడి ఎగిరే నమూనా విమానం. ఇంజను లేనిది గాలిలో ఎలా నిలుస్తుందని చూసేవారికి సందేహం కలగడం సహజమే గాని, నిజానికి అది నిలవదు. తన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పుడూ కిందికే జారుతూ, ఆ జారుడు వల్ల వచ్చిన వేగంతోనే రెక్కలకు ఎత్తుడు బలాన్ని సంపాదించుకుంటుంది. రెక్కల కొన నుంచి కొనకు రెండు మీటర్ల నిడివి ఉండి, శ్రద్ధగా కట్టిన నమూనా సెకనుకు సుమారు అర మీటరు చొప్పున దిగుతుంది. అయితే గాలి తానే సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తున్న చోట అది ఉంటే, గాలిలో దిగుతూనే నేల నుంచి అర మీటరు చొప్పున పైకి పోతుంది. ఈ విద్య అంతా అలా లేచే గాలి ఎక్కడుందో కనిపెట్టడంలోనే ఉంది.

ఈ కనిపెట్టే పనికి పట్టాభిరామ్ నుంచి తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా తిరుత్తణి వరకు సాగే సీమ మంచి పాఠశాల. ఎండకు నేలంతా ఒకే తీరుగా వేడెక్కదు. తడి ఉన్న వరిమడి సూర్యరశ్మిలో ఎక్కువ భాగాన్ని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చుపెడితే, పక్కనే ఎండిపోయిన చెరువు గర్భం, కోతకోసిన పొలం, ఎర్రనేల మెట్ట త్వరగా వేడెక్కి తమ మీది గాలిని వేడిచేస్తాయి. తేలికపడిన ఆ గాలి ఉన్నట్టుండి నేలను వదిలి స్తంభంలా పైకి లేస్తుంది, దానినే థర్మల్ అంటారు. గద్దలు రెక్క ఆడించకుండా చక్కర్లు కొడుతూ ఎత్తు పెంచుకుంటున్నాయంటే అవి థర్మల్‌లో ఉన్నట్టే కనుక, గ్లైడర్ ఎగరేసే వారు తమ నమూనాను చూసినంత శ్రద్ధగా గద్దలను కూడా చూస్తారు. నేలమీద గాలి ఒక్కసారి దిశ మార్చుకుని ఒక చోటి వైపు వీచినా, అక్కడ థర్మల్ లేస్తున్నదని, చుట్టూ ఉన్న గాలి ఆ ఖాళీని నింపడానికి పోతున్నదని అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడి గాలికి మరో విశేషం సముద్రం. ఎండాకాలంలో మధ్యాహ్నానికి మద్రాసు తీరం నుంచి చల్లని సముద్రపు గాలి భూభాగంలోకి కదిలి, పట్టాభిరామ్‌ను ముందుగా, పడమటి ఊళ్ళను ఆ తరువాత చేరుతుంది. చల్లగాలి ముందంచు వేడిగాలి కిందికి చొరబడి దానిని పైకి నెట్టడం వల్ల ఆ అంచు వెంట గాలి లేస్తుంది, అంచు దాటిపోయాక మాత్రం థర్మల్‌లు బలహీనపడతాయి. అదే గాలి కొండల తూర్పు ముఖాలకు తగిలి వాలు వెంట ఎక్కుతుంది. అలా ఎక్కే గాలిలో అటూ ఇటూ తిరుగుతూ గ్లైడర్‌ను గంటల తరబడి ఎగరేయడాన్ని స్లోప్ సోరింగ్ అంటారు. తిరుత్తణి కొండ దీనికి తగినదిగా కనిపిస్తుంది గాని, అది సుబ్రహ్మణ్యస్వామి వెలసిన, భక్తజనం ఎప్పుడూ ఎక్కిదిగే క్షేత్రం కాబట్టి, ఎంత మంచి గాలి వీచినా దానిని ఈ పనికి ఎంచుకోకూడదు.

గ్లైడర్ చరిత్ర మొదలైంది కూడా నమూనాతోనే. ఇంగ్లండుకు చెందిన జార్జి కేలీ 1804లో స్థిరమైన రెక్క, వెనుక తోక ఉన్న చిన్న గ్లైడర్‌ను చేతితో విసిరి, నేటి విమానాల రూపానికి పునాది వేశాడు. మన దేశంలో పౌర విమానయాన శాఖ ఎస్. రామామృతం రూపకల్పనలో తయారుచేసిన ఇద్దరు కూర్చునే కొయ్య గ్లైడర్ రోహిణి 1961లో ఎగిరింది. ఎన్‌సీసీ వాయు విభాగంలో చేరే విద్యార్థులకు నమూనా విమానాల తయారీ నేటికీ శిక్షణలో భాగం కావడం వల్ల, ఈ విద్య బడి పిల్లల దాకా చేరే దారి ఒకటి మిగిలి ఉంది.

తయారీలో మొదటి చింత బరువు. దక్షిణ అమెరికా అడవుల్లో పెరిగే బాల్సా అనే చెట్టు కలప ఘనమీటరుకు సుమారు 160 కిలోలే తూగుతుంది, టేకు 650 కిలోల దాకా తూగుతుంది. ప్రపంచమంతటా నమూనాలు కట్టేవారు బాల్సాను కోరుకోవడానికి కారణం ఈ తేడాయే. రెక్క నిలువుకోతకు ఉండే వంపు ఆకారాన్ని ఎయిర్‌ఫాయిల్ అంటారు. ఆ ఆకారంలో పలుచని బాల్సా పలకలను రిబ్‌లుగా కోసి, రెక్క పొడవునా సాగే స్పార్ అనే దూలానికి వరుసగా అతికించి, పైన వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ పొరను ఇస్త్రీపెట్టెతో పరిస్తే, చేతికి బరువే తెలియని గట్టి రెక్క తయారవుతుంది. బాల్సా దొరకనివారు థర్మకోల్‌ను వేడి తీగతో కోసి, కింద పైన సన్నని వెదురు బద్దలు గాని కార్బన్ కడ్డీలు గాని అతికించి రెక్కలు చేస్తారు. ఇది కాస్త బరువైనా మొదటి నమూనాకు మేలు, ఎందుకంటే నేలకు గుద్దుకున్న రెక్కను ఆ సాయంత్రమే సరిచేసుకోవచ్చు.

రెక్కలు సన్నగా, పొడవుగా ఉండడం అందం కోసం కాదు. రెక్క కొనల దగ్గర కింది గాలి పైకి చుట్టుకుపోయి సుడులు పుట్టడం వల్ల శక్తి వృథా అవుతుంది; పొడవు పెరిగి వెడల్పు తగ్గినకొద్దీ ఆ వృథా తగ్గి, విమానం అదే ఎత్తు నుంచి ఎక్కువ దూరం పోతుంది. వంద మీటర్ల ఎత్తు నుంచి పదిహేను వందల మీటర్లు జారగలిగితే దాని జారుడు నిష్పత్తి పదిహేను అంటారు. ఇంత శ్రమా ఫలించేది బరువు కేంద్రం సరిగా కుదిరినప్పుడే. రెక్క ముందంచు నుంచి వెడల్పులో దాదాపు మూడో వంతు దగ్గర వేళ్ళపై నిలబెడితే విమానం సమంగా నిలవాలి, లేకుంటే ముక్కులో సీసం చేర్చి సరిచేయాలి. బరువు వెనుకకు జరిగితే నమూనా కుదురు తప్పి ముక్కెత్తి, రెక్క మీది గాలి ప్రవాహం విడిపోయి, ఎత్తుడు బలం హఠాత్తుగా పడిపోతుంది. ఆ స్థితికే స్టాల్ అని పేరు.

నియంత్రణకు రెండు సర్వోలు, అంటే సంకేతానికి తగినట్టు చిన్న మీటను తిప్పే మోటార్లు, చాలు. ఒకటి తోక వద్ద నిలువు పలకైన రడ్డర్‌ను, మరొకటి అడ్డ పలకైన ఎలివేటర్‌ను కదుపుతుంది. రెక్కలు కొనల వైపు పైకి లేచి లోతు తక్కువ వీ ఆకారంలో ఉంటే, రడ్డర్ ముక్కును ఒక పక్కకు తిప్పగానే ముందుకొచ్చిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి అది లేస్తుంది, విమానం దానంతటదే ఒరిగి మలుపు తీసుకుంటుంది. కొత్తవారిని తికమక పెట్టేది వేరే ఉంది: నమూనా ఎదురుగా తమ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు కిందికి ఒరిగిన రెక్క ఏ వైపు కనిపిస్తే ఆ వైపుకే కడ్డీని నెట్టాలన్న నియమం పాటిస్తే విమానం నిటారుగా వస్తుంది.

ఎత్తుకు చేర్చే పద్ధతులు చాలా ఉన్నాయి. నేలలో మేకు పాతి, సాగే రబ్బరు గొట్టానికి నైలాను తాడు కట్టి, లాగి వదలడం పాత పద్ధతి. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఎఫ్3జె పోటీల్లో ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని పరుగెత్తి విమానాన్ని లేపుతారు. ఎఫ్5జెలో 30 సెకన్లకు మించకుండా చిన్న విద్యుత్ మోటారు వాడనిచ్చి, అది చేరిన ఎత్తుకు తగ్గట్టు మార్కులు తీసివేస్తారు. ఎఫ్3కెలో రెక్క కొనకు ఉన్న చిన్న మేకును వేళ్ళతో పట్టి, మనిషి ఒక చుట్టు తిరిగి విసురుతాడు. రెక్కల నిడివి 1.5 మీటర్లు దాటకూడదు, ఆరితేరినవారి విసురు అరవై మీటర్ల ఎత్తు దాటుతుంది.

పట్టాభిరామ్ పాఠకులకు ఈ పద్ధతుల్లో ఏది తగునో తేల్చేది గాలి కన్నా ముందు చట్టమే. పక్కనే ఆవడిలో భారీ వాహనాల కర్మాగారం, వాయుసేన స్థావరం ఉన్నాయి. అరక్కోణంలో 1992లో ప్రారంభమైన నౌకాదళ వైమానిక కేంద్రం ఐఎన్‌ఎస్ రాజాలి ఉంది. 2021 ఆగస్టు 25న వచ్చిన, నమూనా విమానాలకూ వర్తించే డ్రోన్ నియమాలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించి, ఆకుపచ్చ మండలంలో సాధారణంగా 400 అడుగుల ఎత్తు వరకే ముందస్తు అనుమతి లేకుండా ఎగరనిస్తాయి. పెద్ద గ్లైడర్ బలమైన థర్మల్‌లో పడితే ఆ ఎత్తు నిమిషాల్లో దాటిపోతుంది కాబట్టి, ఈ సీమకు అది తగినది కాదు. చేతితో విసిరే తేలిక గ్లైడరే ఇక్కడి వారికి సరైన ఎంపిక: దానికి తాడు, మోటారు, పెద్ద మైదానం అక్కర్లేదు, ఎత్తు కళ్ళెదుటే అదుపులో ఉంటుంది, పైగా తక్కువ ఎత్తులో చిన్న థర్మల్‌ను పట్టడం దానితోనే బాగా అలవడుతుంది.

మొదలుపెట్టదలచినవారు ముందుగా గగనతల మండలాలను చూపే డిజిటల్ స్కై పటంలో తమ ఊరు ఏ మండలంలో ఉందో చూసి, రిజిస్ట్రేషన్ నియమాలు తెలుసుకుని, ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గిన జనవరి, ఫిబ్రవరి నెలల్లో, గాలి కదలని ఉదయం వేళ, కరెంటు తీగలకు, రైలు పట్టాలకు, జనానికి దూరంగా ఉన్న గడ్డినేల మీద, రేడియో దూరపరీక్ష పూర్తయ్యాకనే తమ నమూనాను తొలిసారి విసరాలి.