నీడ ఎవరి ఇంటిపై పడును?

ప్రక్క స్థలములో నాలుగంతస్తుల మేడ లేచిన తరువాత గాని, మన పెరటిలోని తులసికోటకు ఎండ తగలదని మనకు తెలియదు. మేడ ప్లాను ముందే ఆఫీసులో ఉన్నది. గాని ఆ కాగితముపై పొడవు వెడల్పులు కనిపించునే తప్ప, నీడ కనిపించదు. ఫైళ్లలో ప్లాన్లు ఎన్నో చూచిన మాకే ఆ గీతలనుండి మేడ ఎత్తును ఊహించుట కష్టము. ఇక తక్కినవారి మాట చెప్పనేల?

ఈ లోపమును తీర్చుటకు నేడు కంప్యూటరులో నగరమునకు పొడవు, వెడల్పు, ఎత్తు మూడును గల నమూనా తయారుచేయుచున్నారు. సింగపూరు ప్రభుత్వము 2014లో ‘వర్చువల్ సింగపూర్’ పేరున ఈ పని ఆరంభించి, 7 కోట్ల 30 లక్షల సింగపూరు డాలర్లు కేటాయించినది. విమానమునుండి ఫోటోలు తీసినారు. లేజరు కిరణములను పంపి, అవి తగిలి తిరిగివచ్చు కాలమును బట్టి దూరములు కొలిచినారు. వీధులలో బండ్లపై అట్టి యంత్రములనే త్రిప్పినారు.

ఇది వట్టి బొమ్మ కాదు. ఇది గోడ, ఇది కప్పు, దీని ఎత్తు ఇంత అని కంప్యూటరుకు తెలియును. తేదీ, గంట చెప్పినచో సూర్యుడు ఎచ్చట ఉండునో లెక్కించి, కట్టబోవు మేడ నీడ ఎవరి వాకిట పడునో ముందే చూపును. ఏ కప్పుపై సౌరఫలకములు పెట్టిన లాభమో, చక్రాల కుర్చీలో వెళ్లువారికి మెట్లు లేని దారి ఏదో కూడ తెలిసికొనవచ్చును.

అయితే నమూనా చేసినంత మాత్రమున చాలదు. దానిని ఎవరు చూతురన్నది ముఖ్యము. ఫిన్లండు రాజధాని హెల్సింకిలో శీతకాలపు సూర్యుడు మిక్కిలి క్రిందుగా నుండును గనుక నీడలు చాల పొడవు. ఆ నగరము తన నమూనాను ఎవరైనను ఉచితముగా తీసికొనునట్లు ఉంచినది. సింగపూరులో కూడ, నగర మధ్యభాగమును 400వ వంతుకు తగ్గించి చేసిన బొమ్మనగరము ఒకటి ప్రదర్శనశాలలో ఉన్నది. దానిని చూచుటకు టిక్కెట్టు లేదు.

నమూనాతో మభ్యపెట్టుటయు సులభమే. మిట్టమధ్యాహ్నపు పొట్టి నీడను చూపి, సాయంత్రపు పొడవు నీడను చూపకుండ వదలివేయవచ్చును. చెట్టు క్రింద పూలమ్ము అవ్వను ఎవరో లెక్కలోనికి ఎక్కించిననే గాని యంత్రమెరుగదు.

మేముండు కర్ణాటకలో 1961 నాటి నగర, గ్రామ ప్రణాళికా చట్టము ప్రకారము, నగర ప్రణాళికను ప్రకటించి ప్రజల అభిప్రాయములు కోరవలెను. అట్టి ప్రకటన వెలువడినప్పుడు మనవారు నలుగురు కలిసి ఆఫీసుకు వెళ్లి, ‘అయ్యా, ఎత్తులతో సహా చూపుడు, సాయంత్రము 4 గంటల నీడ కూడ చూపుడు’ అని అడుగవలెను. పునాది పడకముందు అడిగిన మాటకే విలువ. గోడలు లేచిన పిమ్మట మిగులునది కోర్టు ఖర్చే.